ఆటలో అరటిపండు: వివియన్ పేలీ పుస్తకం చదివాక

ఎనిమిదేళ్ళ క్రితం ఓ ఏడాదిపాటు హైదరాబాదులో ఒక నర్సరీలో పనిచేశాను. టీచర్ ట్రైనింగ్ ఏమీ లేదు. మా అబ్బాయి పెద్దబడికి వెళ్ళిపోయాక పగలంతా ఖాళీ, నర్సరీ ఇంటికి దగ్గర, పిల్లలంటే ఇష్టం. ఇంతే నా అర్హతలు. జూన్‌లో చేరాను, ఏప్రిల్ చివర్లో మానేశాను. నేర్పిన అక్షరాలూ పాడించిన రైమ్సూ ఇప్పుడు పెద్దగా గుర్తులేవు. గదిలో ఒక మూల మాత్రం బాగా గుర్తుంది. కిటికీ పక్కన చాప వేసి, ప్లాస్టిక్ గిన్నెలు, చిన్న బొమ్మ స్టవ్వు, రెండు పాప బొమ్మలు పెట్టిన మూల. దాన్ని ‘ఇల్లు’ అనేవాళ్ళం. ఆ ఇంట్లోకి ఎవరు రావచ్చు, ఎవరు రాకూడదు అన్నది రోజూ పొద్దున్న పదిన్నరకి తేలిపోయేది.

తేల్చేది నేను కాదు, తరగతిలోకెల్లా చలాకీ అయిన ఒక అమ్మాయి. నాలుగున్నరేళ్ళుంటాయేమో. ఎవర్నీ కసరేది కాదు, కొట్టేది కాదు. ‘నువ్వు నిన్న ఆడావుగా’, ‘ఇవాళ ముగ్గురమే’, ‘ఈ ఇంట్లో అక్కలు లేరు’ అని నెమ్మదిగా ఏదో ఒక కారణం చెప్పేది. మిగతావాళ్ళు దాన్ని చట్టంలా పాటించేవాళ్ళు. రోజూ చాప అంచు దాకా వచ్చి నిలబడిపోయే పిల్ల ఒకతి ఉండేది. మా ఆయమ్మ కూతురు. తల్లి అక్కడే పనిచేస్తుంది కాబట్టి ఫీజు లేకుండా కూర్చోనిచ్చారు.

నేను చూసీ చూసీ ఒకరోజు కలగజేసుకున్నాను. “తనని కూడా ఆడించుకోండమ్మా, పాపం. ఆటలో అరటిపండు అనుకోండి” అన్నాను. వాళ్ళు ఒప్పుకున్నారు. ఆయమ్మ కూతురికి ‘పడుకున్న పాప’ వేషం ఇచ్చారు. అరగంటసేపు ఆ పిల్ల చాప అంచున కళ్ళు మూసుకుని కదలకుండా పడుకుంది. మర్నాడూ అంతే. ఆ వారమంతా అంతే. మధ్యాహ్నం తల్లి వచ్చి, “ఆడుకుంటుందా మేడం?” అనడిగితే, “ఆడుకుంటోందమ్మా” అని చెప్పాను. సమస్య తీరిందనే అనుకున్నాను కూడా.

ఆ దసరా సెలవుల్లో, అమెరికా నుంచి వచ్చిన స్నేహితురాలు ఓ చిన్న పుస్తకం ఇచ్చి వెళ్ళింది. వివియన్ గస్సిన్ పేలీ రాసిన ‘యూ కాంట్ సే యూ కాంట్ ప్లే’. 1992లో హార్వర్డ్ యూనివర్సిటీ ప్రెస్ వేసింది. తెలుగులో చెప్పాలంటే, ‘నువ్వు ఆడొద్దు’ అనకూడదు. పేరు చూసి పిల్లల పెంపకం గురించి సలహాలిచ్చే పుస్తకమేమో అనుకున్నాను. రెండు రోజుల్లో చదివేశాను. ఆ తర్వాత మాత్రం చాలా రోజులు ఆ చాప అంచు తప్ప ఇంకేమీ గుర్తుకు రాలేదు.

పేలీ గురించి కొంచెం చెప్పాలి. 1929లో షికాగోలో పుట్టారు, 2019లో పోయారు. ముప్పై ఏళ్ళకి పైగా చిన్నపిల్లల టీచరు. అందులో ఎక్కువ కాలం షికాగో యూనివర్సిటీకి చెందిన లాబరేటరీ స్కూల్స్‌లో, అంటే 1896లో జాన్ డ్యూయీ మొదలుపెట్టిన బడిలో. 1989లో ఆవిడకి మెకార్థర్ ఫెలోషిప్ వచ్చింది. బడిపిల్లల దగ్గర కూర్చునే టీచరుకి అలాంటి గుర్తింపు రావడం అరుదు. ఆవిడ పద్ధతి చాలా సాదాసీదాగా ఉంటుంది. తరగతిలో ఒక టేప్ రికార్డర్ పెట్టుకునేవారు. పిల్లలు మాట్లాడుకున్నది రికార్డు చేసి, తర్వాత విని, కాగితం మీదికి ఎక్కించేవారు. తను తప్పుగా విన్నవీ, తొందరపడి సర్దిచెప్పినవీ అప్పుడు బయటపడేవి. ఆవిడ పుస్తకాలన్నీ దాదాపు ఆ వినడం లోంచి వచ్చినవే.

రెండో పద్ధతి కథలు. పిల్లలు ఒక్కొక్కరే వచ్చి కథ చెప్తారు, టీచరు వాళ్ళు చెప్పింది చెప్పినట్టు రాసుకుంటుంది. తర్వాత అందరూ గుండ్రంగా కూర్చుంటే, ఆ కథని పిల్లలే ఆడతారు. కథ నాలుగు వాక్యాలుండొచ్చు, ఒక్క వాక్యమే ఉండొచ్చు. మూడేళ్ళవాళ్ళయితే ఒక్కోసారి ఒక్క మాటే. ఏ కథనీ దిద్దరు, నీతి అడగరు.

ఈ పుస్తకం ఒక కిండర్‌గార్టెన్ తరగతిలో జరిగిన ఏడాది కథ. ఆవిడకి అప్పటికి వయసు 60కి అటూ ఇటూ. ఇన్నేళ్ళుగా విన్న ‘నువ్వు ఆడొద్దు’ అన్న మాట ఆ వయసులో హఠాత్తుగా భరించలేనిదయింది. ప్రతి ఏడూ తరగతిలో ఎవరో ఒకరిద్దరు పిల్లలు నాయకులవుతారు. ఎవరో ఒకరిద్దరు ఏడాది పొడుగునా గుమ్మం దగ్గర నిలబడతారు. ఆ తర్వాత తరగతుల్లోనూ వాళ్ళే నిలబడతారు. పిల్లల్ని కొట్టనివ్వం, వస్తువులు లాక్కోనివ్వం. మరి ఈ ఒక్కదాన్ని పిల్లల సొంత వ్యవహారమని ఎందుకు వదిలేశాం? ఈ ప్రశ్నతో ఆవిడ ఒక నియమం ప్రతిపాదిస్తారు. తరగతిలో ఎవరూ ఎవరితోనూ నువ్వు ఆడొద్దు అనకూడదు.

ఇంకొకరైతే సోమవారం నియమం చెప్పి మంగళవారం నుంచి అమలు చేసేవారు. పేలీ ఏడాదిలో చాలా భాగం దాని గురించి మాట్లాడటంలోనే గడిపారు. ముందు తన పిల్లలతో. తర్వాత ఒకటో తరగతి నుంచి ఐదో తరగతి దాకా ఒక్కో గదికీ వెళ్ళి, పెద్దపిల్లల్ని రెండు ప్రశ్నలడుగుతారు. ఇది న్యాయమేనా? ఇది సాధ్యమేనా? పుస్తకంలో నన్ను బాగా పట్టుకున్న భాగం ఇదే. పెద్దపిల్లలు దాదాపుగా న్యాయమేనంటారు, సాధ్యం మాత్రం కాదంటారు. తమని ఎవరు ఎప్పుడు కాదన్నారో వాళ్ళకి తేదీలతో సహా గుర్తు. ఐదో తరగతికొచ్చేసరికి వాళ్ళ మాటల్లో పెద్దవాళ్ళ నిర్లిప్తత వచ్చేస్తుంది. జీవితంలో ఎలాగూ తప్పదు కాబట్టి ఇప్పుడే అలవాటు పడటం మంచిదన్న వాదన వస్తుంది. ఆ మాట పదేళ్ళ పిల్లల నోట వింటే బాధేస్తుంది. ఎక్కడిది ఆ మాట? మన నోట్లోంచి వెళ్ళిందే కదా. అయితే ఆ పెద్దపిల్లలే ఇంకో మాట కూడా అంటారు. తమకి ఆలస్యమైపోయింది, మొదలుపెడితే చిన్నప్పుడే మొదలుపెట్టాలి అని.

తరగతిలో ఈ నియమాన్ని గట్టిగా వ్యతిరేకించేది లీసా అనే అమ్మాయి. ఎవర్ని ఆడించుకోవాలో తను ఎంచుకోకూడదంటే ఇక ఆటలో ఏముంది అన్నది లీసా వాదన. ఆట నాది, స్నేహితురాలు నాది, మధ్యలో నియమం ఎవరిది? పేలీ ఈ పిల్లని దుర్మార్గురాలిగా చూపించరు. పుస్తకంలో అందరికంటే స్పష్టంగా ఆలోచించేది లీసానే. క్లారా, ఆంజెలో అనే ఇద్దరు పిల్లలు తరచూ బయటే ఉండిపోతుంటారు. వాళ్ళ బాధ మనకి తెలుస్తూనే ఉంటుంది, అయినా లీసా మాట తీసిపారేయలేం. ఎదుటివాదాన్ని ఐదేళ్ళ పిల్ల నోట ఇంత బలంగా వినిపించడం రచయితగా ఆవిడ నిజాయితీ. మా ‘ఇంటి’ యజమానురాలి మాటలు నేనెప్పుడైనా ఇలా విన్నానా? ‘గుడ్ గర్ల్ కదా, షేర్ చేసుకోవాలి’ అని అక్కడితో నోరు మూయించాను. ఆ పిల్లకి తన ఆట పాడైపోతుందన్న భయం ఉండి ఉంటుంది. అడిగితే చెప్పేది. నేనే అడగలేదు.

పేలీ వాదనలో అసలు మలుపు ఇంకొకటి ఉంది. మామూలుగా బడుల్లో ఏం చేస్తామంటే, బయట నిలబడ్డ పిల్లని లోపలివాళ్ళకి నచ్చేలా తయారుచేస్తాం. ఎలా అడగాలో నేర్పిస్తాం, ఏడవకూడదంటాం, కలుపుగోలుగా ఉండమంటాం. మారాల్సింది బయటి పిల్ల కాదు, గుంపు అంటారు పేలీ. ఈ పేజీ దగ్గర నేను పుస్తకం మూసేశాను. ఎందుకంటే జులై, ఆగస్టు నెలల్లో నేను సరిగ్గా అదే పని చేశాను. ఆయమ్మ కూతురికి ముక్కు తుడిచాను, జడ మళ్ళీ వేశాను. ‘కెన్ ఐ ప్లే విత్ యూ’ అని ఇంగ్లీషులో అడగడం నేర్పించాను. పక్కకి తీసుకెళ్ళి రెండు రోజులు ప్రాక్టీసు చేయించాను. ఆ పిల్ల చాప అంచున నిలబడి తప్పు లేకుండా అడిగింది. ‘నో’ అన్నారు. అదీ ఇంగ్లీషులోనే.

ఈ పుస్తకానికి ముందు, 1990లో, పేలీ రాసిన ‘ద బాయ్ హూ వుడ్ బీ ఎ హెలికాప్టర్’ కూడా ఒక నర్సరీ ఏడాది కథే. అందులో జేసన్ అనే పిల్లాడు తను హెలికాప్టర్‌నంటాడు. రెక్క విరిగిందని చెప్పి ఎవరితోనూ కలవడు. అక్కడ నియమం ఏదీ ఉండదు. తోటిపిల్లలే తమ కథల్లో అతనికి కొంచెం కొంచెంగా చోటు చేస్తారు, టీచరు ఓపిగ్గా చూస్తూ కూర్చుంటారు. ఆ పుస్తకం చదివితే పిల్లల మీద నమ్మకం కుదురుతుంది. మరి రెండేళ్ళు తిరిగేసరికి నియమం ఎందుకు అవసరమైంది? నాకు తోచిన జవాబు ఇది. జేసన్ తనంతట తను దూరంగా ఉన్నాడు, అలాంటివాడి కోసం ఎదురుచూడొచ్చు. క్లారాని దూరం పెట్టారు. దూరం పెట్టినవాళ్ళ మంచితనం ఎప్పుడు మేలుకుంటుందా అని దూరమైన పిల్ల ఎంతకాలం ఎదురుచూడాలి? ఓపిక అన్ని చోట్లా మంచిది కాదు. ఈ తేడా పేలీ ఎక్కడా ఇలా విడమరిచి చెప్పరు గానీ, రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టుకుంటే కనిపిస్తుంది.

నియమం అమల్లోకి వచ్చాక ఏం జరిగిందన్నది కూడా ఆసక్తిగా ఉంటుంది. అద్భుతాలేమీ జరగవు. పిల్లలు సందులు వెతుకుతారు. లీసా నలుగుతుంది, మెల్లగా అలవాటు పడుతుంది. అసలు మార్పు కథలాటలో వస్తుంది. అంతకుముందు కథ చెప్పిన పిల్లలు వేషాలు తమ స్నేహితులకే ఇచ్చుకునేవాళ్ళు. ఇది కూడా ‘నువ్వు ఆడొద్దు’ అనడమేనని తేలాక, వేషాలు గుండ్రంగా కూర్చున్న వరసలో ఎవరి వంతు వస్తే వాళ్ళకి వెళ్ళాయి. దాంతో మగపిల్లలకి ఆడవేషాలు, ఆడపిల్లలకి రాక్షసుల వేషాలు వచ్చాయి. ఒకసారి వేసి చూశాక అది పెద్ద విషయం కాకుండా పోయింది. వంతు వచ్చింది కాబట్టి వేశాను, అంతే. ఎంచుకోవాల్సిన బరువు తీసేస్తే పిల్లలు తేలికపడ్డారు.

ఈ వంతుల పద్ధతి చదువుతుంటే నాకు మా ఊరు గుర్తొచ్చింది. మా చిన్నప్పుడు కృష్ణా జిల్లాలో మా వీధి ఆటలకి ఇలాంటి ఉపాయాలు ఎవరూ నేర్పకుండానే ఉండేవి. దొంగ ఎవరో తేల్చడానికి పంటలు వేసుకునేవాళ్ళం. పంట ఎవరి ముఖమూ చూడదు. మోతుబరి కొడుకయినా పంట రాకపోతే దొంగే. రెండు జట్లు కట్టాలంటే ఉద్దులు. మీ ఊళ్ళో దానికి ఇంకో పేరు ఉండొచ్చు. సమ ఉజ్జీలైన ఇద్దరిద్దరు పక్కకెళ్ళి రహస్యంగా పేర్లు పెట్టుకుని వచ్చి, మల్లెపువ్వు కావాలా గులాబీ కావాలా అని నాయకుడిని అడుగుతారు. ఏ పేరు వెనక ఎవరున్నారో నాయకుడికి తెలియదు. కాబట్టి ఎవర్నీ చివరికి మిగల్చలేడు, నువ్వొద్దు అనలేడు. ఎంపికలోంచి మనిషిని తప్పించడం అంటే ఇదే. పేలీ ఏడాదంతా వెతికి చేరిన చోటికి మా వీధి పిల్లలు ఎప్పుడో చేరారని చదువుతూ కాస్త గర్వపడ్డాను.

మూడో ఉపాయం అరటిపండు. చిన్నపిల్లాడు వెంటపడితే, వాడిని ఏడిపించకుండా ఆటలో కలుపుకోవడం. వాడు పరిగెత్తొచ్చు, అరవొచ్చు, దాక్కోవచ్చు. దొరికినా దొంగ కాడు, గెలిచినా లెక్కలోకి రాడు. నాలుగేళ్ళ తమ్ముడికి అది బాగానే ఉంటుంది. వాడి పరిస్థితి తాత్కాలికం కదా, ఇంకో ఏడాదికి వాడూ పంటల్లో నిలబడతాడు. అదే ఈడు పిల్లని అరటిపండు చేస్తే? ఆడుతున్నావు, కానీ నువ్వు లెక్కలో లేవు అని రోజూ చెప్పినట్టు. నేను చేసింది అదే. బయట నిలబడ్డ పిల్లకి తను బయట ఉన్నానని కనీసం తెలుసు. కళ్ళు మూసుకుని పడుకున్న పిల్ల గురించి మాత్రం టీచరూ తల్లీ ఇద్దరూ ‘ఆడుకుంటోంది’ అనేసుకున్నారు.

పేలీ నియమంలోనూ ఈ చిక్కు ఉంది. వద్దు అనకూడదని చెప్పొచ్చు. రమ్మన్నాక ఏ వేషం ఇస్తారు? ఆవిడకి ఇది తెలుసు, అందుకే వంతుల దాకా వెళ్ళారు. కథలాటలో అది కుదిరింది. పిల్లలు తమంతట తాము ఆడుకునే ఆటల్లో పూర్తిగా కుదిరిందని పుస్తకం చూపించలేదు. తర్వాతి రోజుల్లో పరిశోధకులు కొన్ని కిండర్‌గార్టెన్ తరగతుల్లో ఈ నియమాన్ని పెట్టి చూస్తే కలగాపులగమైన ఫలితాలే వచ్చాయి. ఒకరితో ఒకరు ఆడటానికి పిల్లల ఇష్టం పెరిగింది, అదే సమయంలో తరగతిలో తమ స్నేహాల పట్ల అసంతృప్తి కూడా పెరిగింది. నాకిది ఆశ్చర్యంగా లేదు. తలుపు తెరిచాక ఇంట్లో గొడవలు మొదలవుతాయి. మూసి ఉన్నప్పటి ప్రశాంతత అందరిదీ కాదు కదా.

పుస్తకంతో నాకున్న పేచీలు కూడా చెప్పాలి. మొదటిది, మాగ్‌పై కథ. పేలీ తన తరగతి కోసం ఒక పెద్ద కథ అల్లారు. మాగ్‌పై అనే పక్షి ఒంటరివాళ్ళని వెతుక్కుంటూ వెళ్ళి సాయం చేస్తుంది. ఆనబెల్లా అనే యువరాణి, బియాట్రిక్స్ అనే మంత్రగత్తె ఉంటారు. నియమం గురించిన చర్చలకి మధ్యమధ్యలో ఈ కథ నడుస్తుంది. తరగతిలో విన్న పిల్లలకి అది ప్రాణం పోసి ఉంటుంది. కాగితం మీద చదివే పెద్దవాళ్ళకి మాత్రం చాలా చోట్ల సాగదీసినట్టుంటుంది. మళ్ళీ లీసా ఏమంటుందా అని పేజీలు తిప్పుతుంటాం. ఒక విషయం మాత్రం ఒప్పుకోవాలి. నియమం గురించి నేరుగా నోరు విప్పని పిల్లలు ఆ పక్షి గురించి అడిగితే మాట్లాడతారు. ఆ కథ అక్కడ ఉన్నది అందుకే.

రెండోది, నియమం ఎవరు పెట్టారన్నది. ఇంత చర్చ జరిగినా చివరికి పెట్టింది టీచరే. పిల్లలు ఓటేసి ఉంటే ఓడిపోయేదేమో. దీన్ని కొందరు తప్పు పడతారు. నేను పట్టను. కొట్టకూడదన్నది ఓటుకి పెట్టి తేల్చుకున్నామా? ఆవిడ చర్చ పెట్టింది అనుమతి కోసం కాదని నా ఉద్దేశం. పిల్లలకి ఆ నియమం వెనక ఎవరి ముఖాలున్నాయో తెలియడం కోసం.

మూడో పేచీ నాకు ముఖ్యమైనది. నియమం అంతా ‘అనకూడదు’ మీద నిలబడింది. అంటేనే కదా పట్టుకునేది! మా ఊళ్ళో పంటలూ ఉద్దులూ ఉన్నాయని గర్వపడ్డానని చెప్పాను. ఆ గర్వం మర్నాటిదాకా కూడా నిలవలేదు. ఆ పంటల్లో ఎవరెవరు నిలబడ్డారో ఒక్కొక్క ముఖమే గుర్తు చేసుకుంటూ పోతే, మాలపల్లె పిల్లలు ఒక్కరూ లేరు. వాళ్ళ ఆటలు వాళ్ళవి, చెరువుకి అటువైపు. మేం వాళ్ళని ఏనాడూ ‘మీరు ఆడొద్దు’ అనలేదు. అనాల్సిన పనే రాలేదు. వాళ్ళు అడగడానికి రాలేదు కాబట్టి మేం కాదనలేదు, కాదనలేదు కాబట్టి మా వీధిలో అన్యాయమేమీ జరగలేదని ఇన్నేళ్ళూ అనుకున్నాను. ముఖం చూడని పంట కూడా అప్పటికే వడపోసిన ముఖాల మధ్యే తిరిగింది.

పేలీకి ఇలాంటి విషయాలు తెలియవని అనను. 1979లో వచ్చిన ఆవిడ మొదటి పుస్తకం ‘వైట్ టీచర్’ దీని గురించే. నల్లపిల్లలున్న తరగతిలో, రంగు కనబడనట్టు నటించడం మర్యాద అనుకున్న తెల్ల టీచరుగా తనని తను అందులో నిలదీసుకున్నారు. అలా నటిస్తే ఆ పిల్లల్ని చూడనట్టేనని నేర్చుకున్నారు. ఆ రచయిత్రే రాసిన ఈ పుస్తకంలో బడి గేటు బయట ఎవరున్నారన్న ప్రశ్న అంతగా వినపడదు. అది ఫీజు కట్టి చేరే ప్రైవేటు బడి. ఒక్క గదిలోకి వచ్చిన పిల్లల మధ్య న్యాయం ఎలా అన్నదే పుస్తకం తీసుకున్న హద్దు. హద్దు గీసుకోవడం తప్పు కాదు. మనం చదివేటప్పుడు ఆ హద్దు గుర్తుంచుకోవాలి, అంతే. మన దగ్గర 1975 అక్టోబర్ 2న మొదలైన ఐసీడీఎస్ కింద ఊరూరా అంగన్‌వాడీలు వచ్చాయి. మూడేళ్ళు నిండిన పిల్లలకి అక్కడ ఆటపాటలూ ఉన్నాయి, అన్నమూ ఉంది. అయినా నాలుగు డబ్బులున్న ప్రతి ఇల్లూ పిల్లల్ని అక్కడి నుంచి తప్పించి ఫీజు బడికే పంపిస్తోంది. మా ఇల్లూ అంతే. మన పిల్లలు ఎవరితో ఆడాలో, ఎవరితో ఆడకూడదో మూడో ఏట మనమే తేల్చేస్తున్నాం. తర్వాత క్లాసులో షేర్ చేసుకోమని నేర్పిస్తాం.

దసరా సెలవుల తర్వాత నేను పేలీ పద్ధతి కొంత ప్రయత్నించాను. నియమం పెట్టే ధైర్యం లేకపోయింది. తల్లిదండ్రులు ఏమంటారో, ప్రిన్సిపాల్ మేడమ్ ఏమంటారో అని. కథలు మాత్రం మొదలుపెట్టాను. వారానికి రెండు రోజులు, మధ్యాహ్నం పడుకోబోయే ముందు. నేల మీద టేపుతో ఒక చతురస్రం వేసి, చుట్టూ కూర్చోబెట్టి, వేషాలు వంతుల వారీగా ఇచ్చాను. మొదటి వారం గోలగోల. ‘ఇల్లు’ యజమానురాలికి పాము వేషం వస్తే ఏడ్చేసింది. రెండోసారి కోతి వచ్చింది, వేసింది. మూడో వారానికి తనే ముందుగా వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుని, తనకి ఏ వేషం వస్తుందో చెప్పేసేది.

ఆయమ్మ కూతురు నవంబర్ దాకా కథ చెప్పలేదు. వేషం వస్తే వేసేది. ఒకరోజు నా పక్కన వచ్చి కూర్చుంది. కథ చెప్తావా అంటే తలూపింది. తెలుగులోనే చెప్పింది, వాళ్ళింట్లో మాట్లాడే తెలుగులో. ఒక పిల్లి ఉంది. బస్సెక్కింది. కండక్టరు టికెట్ అడిగాడు. పిల్లి దగ్గర టికెట్ ఉంది. అయిపోయింది. పేలీ చెప్పినట్టే చెప్పింది చెప్పినట్టు రాసుకున్నాను. పిల్లలు ఆడారు. కండక్టరు వేషం ఆ ‘ఇల్లు’ అమ్మాయికి వచ్చింది. టికెట్ అడిగింది. పిల్లి అరచెయ్యి చాపి చూపించింది. కండక్టరు చూసి, చించి, రైట్ రైట్ అంది. ఆ తర్వాత కథ ఏమిటని పిల్లలు అడిగారు. ఏమీ లేదు, టికెట్ ఉంది అంతే అంది ఆయమ్మ కూతురు.

ఆ కథ తర్వాత అంతా మారిపోయిందని రాస్తే బావుండేది. మూలలో ‘ఇంటి’ దగ్గర పరిస్థితి కొంచెం మారింది. పడుకున్న పాప వేషం పోయి ఒక్కోసారి అక్క వేషం, ఒక్కోసారి డాక్టర్ వేషం వచ్చాయి. కొన్ని రోజులు మళ్ళీ చాప అంచే. ఫిబ్రవరిలో వార్షికోత్సవానికి డాన్సు డ్రెస్సుల డబ్బులు కట్టమన్నారు. ఆయమ్మ కట్టలేదు. నేను కడతానన్నాను. ఒకరికి కడితే అందరూ అడుగుతారని చెప్పారు. ఆ రోజు ఆ పిల్ల స్టేజి పక్కన తల్లితోపాటు కుర్చీలు సర్దింది. ఎవరూ ఆ పిల్లతో నువ్వు ఆడొద్దు అనలేదు.

మార్చి చివర్లో ఆయమ్మని మాన్పించారు. పిల్లలు తగ్గారు, ఇద్దరు ఆయాలు అక్కర్లేదన్నారు. తల్లి లేకపోతే పిల్లకి ఉచిత సీటు లేదు. ఆ మాట కూడా ఎవరూ అనలేదు, మర్నాటి నుంచి పిల్ల రాలేదు, అంతే. ఎక్కడుంది అని తరగతిలో అడిగింది ‘ఇల్లు’ అమ్మాయే. ఊరెళ్ళిందని చెప్పాను. నిజం చెబితే ఇంకో ప్రశ్న వస్తుంది, దానికి నా దగ్గర జవాబు లేదు. ఆఫీసు గదిలోకి వెళ్ళి అడగాల్సిన ప్రశ్న అది. నేను వెళ్ళలేదు. పేలీ అయితే వెళ్ళేవారా? తెలియదు. కనీసం ఆ సాయంత్రం కూర్చుని, తను వెళ్ళలేదని కాగితం మీద రాసుకునేవారని మాత్రం అనుకుంటాను.

అందుకే చిన్నపిల్లలతో పనిచేసే ఎవరికైనా ఈ పుస్తకం ఇస్తాను, ఇంట్లో పిల్లలున్న వాళ్ళకీ ఇస్తాను. అందులో దొరికే నియమం కోసం కాదు. ఆ నియమం పనిచేసినా చేయకపోయినా, ఒక టీచరు ఏడాది పాటు ఒకే మాటని పట్టుకుని కూర్చోవడం ఎలా ఉంటుందో చూడటం కోసం. చదివాక మీ పిల్లల బర్త్‌డే పార్టీ లిస్టు ఒకసారి తీసి చూడాలనిపిస్తుంది. మీ చిన్నప్పటి పంటల్లో ఎవరు లేరో కూడా గుర్తు చేసుకోవాలనిపిస్తుంది.

ఆయమ్మ కూతురు నవంబర్ నుంచి మార్చి దాకా చెప్పిన కథలు ఏడు. నా చేతిరాతలో, తేదీలతో, ఓ ఫైల్లో ఉన్నాయి. ఆ చివరి రోజు తల్లికి ఇచ్చి పంపాల్సింది. ఇవ్వలేదు.